మొరగని కుక్క



ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి ఆరవ తరగతి చదివే అమ్మాయి వ్రాసినది. "మాస్టారూ, మేము నాలుగో అంతస్తులో ఉంటాము. నాకు కుక్కను పెంచాలని ఉన్నది. మొరిగితే పక్క వాటాలవాళ్లు ఊరుకోరని నాన్నగారు అంటారు. అసలు మొరగని కుక్క ఒకటి ఉన్నదట. నిజమేనా? దాన్ని తెచ్చుకోవచ్చునా?"

ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. మొదటిదానికి జవాబు సులభం. నిజమే, ఉన్నది. రెండవదానికి జవాబు చెప్పాలంటే మీరు కొంచెం ఓపికగా వినాలి.

ఆ కుక్కను బాసెంజీ అంటారు. మధ్య ఆఫ్రికాలో, కాంగోనది చుట్టూ ఉన్న అడవుల్లో పుట్టిన జాతి. మోకాలి కంటె ఎత్తు ఉండదు. మగకుక్క పదిహేడు అంగుళాలు, ఆడకుక్క పదహారు. బరువు పది, పదకొండు కిలోలు. పొట్టి వెంట్రుకలు, నిక్కబొడుచుకున్న చెవులు, చక్కిలంలాగా చుట్టుకొని నడుం మీద పడుకున్న తోక. చెవులు రిక్కించినప్పుడల్లా నుదుట ముడతలు పడతాయి. అప్పుడు దాని ముఖం చూస్తే, కూడిక తప్పిన గుమాస్తా జ్ఞాపకం వస్తాడు.

ఇది మొరగదు గాని మూగది కాదు. దీని స్వరపేటిక నిర్మాణం తక్కిన కుక్కలదానికి కొంచెం భిన్నంగా ఉంటుంది. అందుచేత "భౌ భౌ" మని వరసగా మొరగడానికి బదులు, సంతోషం కలిగినప్పుడు గొంతు పైకీ కిందికీ విరిచి ఒక విచిత్రమైన రాగం తీస్తుంది. ఎప్పుడైనా ఒక్క "వఫ్" అని ఊరుకుంటుంది. ఒంటరిగా వదిలి తలుపు వేసుకుపోతే మాత్రం పసిపిల్ల ఏడ్చినట్టు కేక పెట్టగలదు. ఈ సంగతి మీ పక్క వాటాలవాళ్లకు ముందే చెప్పడం మంచిది!

మా అమ్మాయి అమెరికాలో ఉంటున్నది. వాళ్లింట్లో ఒక బాసెంజీ ఉన్నది. నేను రెండు పర్యాయాలు వెళ్లి, దానితో నెలల తరబడి కాపురం చేశాను. పిల్లిలాగా ఒళ్లంతా నాకి శుభ్రం చేసుకుంటుంది. దగ్గర కూర్చున్నా కుక్కవాసన రాదు. వాన పడితే గడప దాటదు. చలికాలంలో వెచ్చని గాలి వచ్చే కంతను వెతుక్కొని, దాని మీద పడుకొని, ఇంటిల్లిపాదికీ ఆ గాలి తగలకుండా చేస్తుంది. "రా" అని పిలిస్తే తల ఎత్తి చూస్తుంది. పిలిచినది ఎవరు, చేతిలో ఏమున్నది, వెళితే లాభమా, పడుకుంటే లాభమా అని ఆలోచిస్తుంది. ఆ తరవాత వస్తే వస్తుంది. వంటింటి అలమర తలుపును ముందు పంజాతో తెరవడం మాత్రం ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నది.

దీని స్వభావం ఇలా ఎందుకున్నదో తెలియాలంటే అడవికి వెళ్లాలి. అక్కడి వేటగాళ్లు అడవిలో ఒకచోట వలలు కట్టి, అవతలి వైపు నుంచి కుక్కలను తోలుతారు. దట్టమైన పొదల్లో కుక్క నాలుగు గజాలు పోతే కనిపించదు. వేటలో మొరగదు గనక ఎక్కడున్నదీ తెలియదు. అందుకని దాని మెడకు కర్రతో చేసిన గంట కట్టి పంపుతారు. ఇప్పుడు ఆలోచించండి. యజమాని కంటికి కనపడని చోట, "ఇటు పో, అటు పో" అని చెప్పేవాడెవడు? జంతువును ఎటునుంచి తరమాలో ఆ కుక్కే నిర్ణయించుకోవాలి. గొర్రెలు కాచే కుక్క అలా కాదు. కాపరి వేసే ఈలకోసం, చేసే సైగకోసం అది క్షణక్షణమూ ఎదురుచూడాలి. ఎవరి పనికి తగిన బుద్ధి వారిది.

1994లో కెనడా దేశపు మనస్తత్వ శాస్త్రజ్ఞుడు స్టాన్లీ కోరెన్ కుక్కల తెలివిని గురించి ఒక పుస్తకం వ్రాశాడు. కుక్కల పోటీలకు తీర్పరులుగా ఉండే సుమారు రెండువందల మందిని అడిగి, ఏ జాతి ఎంత తొందరగా మాట వింటుందో 79 స్థానాల జాబితా తయారు చేశాడు. గొర్రెలు కాచే బోర్డర్ కోలీకి మొదటి స్థానం వచ్చింది. మన బాసెంజీకి 78వ స్థానం! మొదటి తరగతి కుక్కలు నూటికి 95 సార్లు మొదటి ఆజ్ఞకే లోబడితే, చివరి తరగతివి నూటికి పాతిక సార్లయినా లోబడవు.

ఈ జాబితాను చూచి "బాసెంజీ తెలివితక్కువది" అనేవారున్నారు. నలభై ఏళ్లు మార్కుల రిజిస్టరు వ్రాసినవాణ్ణి గనక దీన్ని గురించి ఒక మాట చెబుతాను. అది ఒక్క సబ్జెక్టులో పెట్టిన పరీక్ష. ఆ సబ్జెక్టు పేరు విధేయత. కోరెనే ఆ పుస్తకంలో, తమంతట తాము ఉపాయం కనిపెట్టే తెలివి వేరని చెప్పాడు. అంతకు ముందే అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు అయిదు జాతుల కుక్కపిల్లలను ఒకే తీరున పెంచి, ఎన్నో ఏళ్లు పరీక్షలు చేసి, 1965లో ఫలితాలు ప్రకటించారు. ఏ ఒక్క జాతీ అన్ని పరీక్షలలోనూ ప్రథమంగా నిలవలేదు. మెడకు తాడు కట్టి నడిపిస్తే బీగిల్ పిల్లలు అరిచి గోల చేశాయి, షెల్టీ పిల్లలు మనిషి కాళ్లకు తాడు చుట్టాయి, బాసెంజీ పిల్లలు తాడుతోనే పోట్లాడాయి! అయిదు వారాల వయసులో బాసెంజీ పిల్లలు మనుషులను చూచి పారిపోయేవి. కాని రోజూ చేరదీస్తే త్వరలోనే మాలిమి అయ్యాయి. వీటిని చిన్నప్పుడే చేతుల్లో పెంచాలని తెలిసినవాళ్లు చెప్పేది అందుకే.

ఈ కుక్క ఖండాంతరాలు దాటడం కూడ సులభంగా జరగలేదు. 1895లో ఒక జంటను ఇంగ్లండుకు తీసుకుపోతే, కొద్దికాలానికే డిస్టెంపర్ జబ్బుతో చనిపోయాయి. 1937లో లండను ప్రదర్శనలో మళ్లీ కనిపించాక అవి నిలదొక్కుకున్నాయి. 1941లో ఆఫ్రికా నుంచి కాఫీగింజలతో అమెరికా చేరిన ఓడ అడుగున, ఎముకల గూడులా ఉన్న బాసెంజీ ఒకటి దొరికింది.

ఇలా వచ్చినవి చాలా కొద్ది. ఆ కొద్దివాటి సంతానమే దేశదేశాలకూ పాకడం చేత, ఫాన్‌కోనీ అనే మూత్రపిండాల జబ్బు వాటిలో వంశపారంపర్యంగా వ్యాపించింది. ఒంటికి కావలసిన చక్కెర మూత్రంతో పోతూ ఉంటుంది. 1987, 1988 సంవత్సరాలలో అమెరికా నుంచి కొందరు అప్పటి జైర్ దేశపు పల్లెలకు వెళ్లి కొత్త రక్తం తెచ్చారు. 1990లో అలాంటి 14 కుక్కలను వంశావళి పుస్తకంలో చేర్చారు. 2011 నుంచి ఆ జబ్బు కలిగించే లోపాన్ని జన్యుపరీక్షతో ముందే కనిపెడుతున్నారు. పిల్లను అమ్మేవాడు ఆ పరీక్ష కాగితం చూపకపోతే బేరం మానుకోవాలి.

తెచ్చుకోవచ్చునా అని కదూ అడిగావు, అమ్మాయీ? బాసెంజీ పన్నెండు, పదమూడేళ్లు బతుకుతుంది. అది ముసలిది అయ్యేసరికి నువ్వు ఉద్యోగం చేస్తూ ఉంటావు. రోజూ ఒక గంటసేపు దాన్ని తిప్పాలి. రోడ్డు మీద తాడు వదలకూడదు. కదిలేదేది కనిపించినా అది బాణంలా పోతుంది, వచ్చే లారీని చూడదు. కొట్టి నేర్పాలంటే భయపడుతుందేగాని నేర్చుకోదు. అయిదేసి నిమిషాల పాఠాలు, ప్రతి పాఠానికీ ఒక తినుబండారం, ఇదే పద్ధతి. రోజంతా తాళం వేసిన ఇంట్లో వదిలితే చెప్పులూ, దిండ్లూ, పుస్తకాలూ మిగలవు.

మొరగకపోవడం ఒక్కటే కారణమయితే వద్దనే చెబుతాను. దాని తీరు నచ్చినట్లయితే, మన వీధికుక్కలను ఒకమారు తేరిపార చూడు. నిలబడిన చెవులు, చుట్టుకున్న తోక, చాలావాటికి ఏడాదికి ఒకే ఈత, ఏ పనికైనా తన ఆలోచన తనకు ఉండడం, ఇన్ని పోలికలున్నాయి. మొరుగుతుందనుకో! తల్లిపాలు మరిచాక తెచ్చి, పశువుల డాక్టరు చేత టీకాలు వేయించి పెంచితే మన ఎండలకూ వానలకూ తట్టుకుంటుంది.

బాసెంజీయే కావాలని మీ నాన్నగారు నిశ్చయించుకుంటే, ఒక సంగతి చూడమను. ఆ కుక్క కంచెలు ఎక్కగలదు. మీది నాలుగో అంతస్తు. బాల్కనీకి పైదాకా జాలీ ఉన్నదా? ఉంటే నాకు వ్రాయి, మిగతా సంగతులు తరవాత చెప్పుకుందాం.