మొదటి ఏడు మొగ్గ వెయ్యకపోతే

కిందటేడు ఏప్రిల్లో ఆర్టిచోక్ గింజలు నాటాను. శాన్‌హోజేలో మా ఇంటి నుంచి గంట ప్రయాణం చేస్తే కాస్ట్రోవిల్ వస్తుంది. ఆ ఊరి చుట్టూ ఎటు చూసినా ఈ పొలాలే. అవి చూసినప్పటి నుంచీ నాకు పంతం. "నర్సరీలో మొక్క కొనుక్కోవచ్చుగా" అన్నారు మా వారు. కొనుక్కోవచ్చు. కానీ గింజ పగిలి మొలక తల ఎత్తడం చూడాలని నా ఆశ.

పది పెడితే ఏడు మొలిచాయి. ఐదు పెరట్లోకి చేరాయి. వేసవికల్లా మూరెడేసి బూడిదరంగు ఆకులతో ఒక్కోటీ నాలుగడుగుల చోటు ఆక్రమించింది. మొగ్గ మాత్రం లేదు. ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారు చూసి, "బ్రహ్మదండికి నీళ్లు పోస్తున్నావేమిటే అమ్మాయ్?" అన్నారు. ఆవిడ మాట పూర్తిగా తప్పేం కాదు, ఇదీ ముళ్ల మొక్కల చుట్టమే.

ఆగస్టులో మా వారు లెక్క కట్టారు. నీళ్ల బిల్లు ఇంత, మట్టి బస్తాలు ఇంత, అదే చోట టమాటాలైతే ఎన్నొచ్చేవో. ఒక శనివారం నాలుగు మొక్కలు పీకేశారు. కంచె మూలనున్నది కంటబడక బతికింది. నేను వంటింటి కిటికీలోంచి చూస్తూ ఊరుకున్నాను. ఆయన మీద కోపం ఎప్పుడో పోయింది. నేను ఊరుకున్నందుకు నా మీద కోపం పోలేదు.

మనం పెరట్లో చేసేది కాలక్షేపమట, వాళ్లు వచ్చి పీకితే అది నిర్ణయమట! రోజూ నీళ్లు పోసిన మనిషిని అడక్కుండా మొక్క మీద చెయ్యి వెయ్యకూడదంటాను నేను.

తర్వాత చదివితే అసలు సంగతి తెలిసింది. లేతగా ఉన్నప్పుడు ఓ రెండు వారాలైనా 10 డిగ్రీల సెల్సియస్ లోపు చలి తగిలితేనే ఇది మొగ్గ తొడుగుతుందట. నేను చలి వెళ్లిపోయాక నాటాను. జనవరిలో ఇంట్లో మొలకెత్తించి, మార్చి చలికి బయట పెట్టాల్సింది. మొదటి ఏడే కాపు కావాలంటే ఇంపీరియల్ స్టార్ రకం మేలు. ఇంకో మాట, గింజతో వచ్చిన మొక్కలు ఏ రెండూ ఒక్కలా ఉండవు. పోయిన ఆ నాలుగూ ఎలాంటి మొగ్గలు వేసేవో ఇక తెలియదు.

కంచె మూల మొక్క చలికాలమంతా ఉండి, ఈ ఏడు ఎనిమిది మొగ్గలు వేసింది. ముందు నడినెత్తిన పెద్దది, తర్వాత పక్క కొమ్మలకి చిన్నవి. విచ్చుకోకముందే కోసి, ముప్పావు గంట ఆవిరి మీద ఉడికించాను. ఒక్కో రేకు నేతిలో, కారంలో అద్ది, మునక్కాయలాగే పళ్లతో గీరి తినాలి. లోపలి నూగు తీసేస్తే అడుగున మెత్తటి గుండె ఉంటుంది. అత్తగారికి ఫోన్లో చెప్తే, "మునక్కాయ అంటే నమ్ముతాను" అన్నారు.

చివరి మొగ్గ కొయ్యలేదు. ఊదారంగు పువ్వై విచ్చుకుని, తేనెటీగలతో నిండిపోయింది. మా వారు ఫోటో తీసి "మా తోటలో" అని అందరికీ వాట్సాప్ చేశారు.

జనవరికి ఆరు కుండీలు కడిగి పెట్టాను. ఎక్కడ నాటాలో ఈసారి ఎవర్నీ అడగను.