కోరి పడే కష్టం, నెత్తిన పడ్డ కష్టం

రెండు వేల ఏళ్ల కిందట రోమ్‌లో సెనెకా అనే తత్త్వవేత్త ఉండేవాడు. అపర కుబేరుడు. అలాంటివాడు ఓ స్నేహితుడికి రాసిన ఉత్తరంలో, అప్పుడప్పుడు కొన్నాళ్లు ముతక బట్ట కట్టి, చవక తిండి తిని చూడమన్నాడు. లేమి అంటే భయం పోతుందట! స్టోయిక్కుల ఈ మాటకి ఇప్పుడు మళ్లీ గిరాకీ వచ్చింది. చన్నీళ్ల స్నానం, ఒంటిపూట భోజనం, నేల మీద పడక... కోరి ఇబ్బంది పడడమన్నమాట.

మనకిది కొత్తేమీ కాదు. హిమాయత్‌నగర్ టీటీడీ గుడికి ఏకాదశినాడు ఉపవాసముండి వచ్చేవాళ్లున్నారు. నాంపల్లి వైపు వెళితే, రంజాన్ నెలలో మంచినీళ్లు కూడా ముట్టకుండా పని చేసుకునేవాళ్లు కనబడతారు. వీళ్లది భక్తి, సెనెకాది తర్కం. ఆకలికి మనం బానిసలం కామన్న పాఠం మాత్రం రెండింట్లోనూ ఉంది.

అయితే, ఉపవాసమున్న రోజు కూడా ఇంటిల్లిపాదికీ వండి పెట్టేదెవరు? సహరీకి అందరికంటే ముందు లేచేదెవరు? అందరూ తిన్నాక మిగిలింది తినడం, మాడిన అట్టు తన కంచంలో వేసుకోవడం, జ్వరమొచ్చినా స్టవ్ వెలిగించడం... ఇవన్నీ చేసే ఇల్లాలిని "ఆవిడకి ఓర్పెక్కువ" అని మెచ్చుకుంటాం. ఇదీ సాధనేనా? కానే కాదు. సాధనకో గడువుంటుంది. వద్దనుకుంటే మానుకోవచ్చు. సెనెకా నాలుగు రోజులయ్యాక మళ్లీ విందు భోజనానికి కూర్చోగలడు. ఈవిడకా వీలుందా?

స్టోయిక్కుల్లోనే మ్యుసోనియస్ రూఫస్ అనే గురువు, ఆడవాళ్లూ తత్త్వశాస్త్రం చదవాలని ఆ రోజుల్లోనే వాదించాడు. ఆయన శిష్యుడు ఎపిక్టెటస్ బానిసగా బతికినవాడు. మన చేతిలో ఉన్నదేదో, లేనిదేదో ముందు తెలుసుకోమన్నాడు. చివర్న తినడం తలరాత కాదు, ఇంటి అలవాటు. కంచం పెట్టుకుని అందరితో కూర్చోవడం మన చేతిలో పనే.

అంచేత ఈ సాధన ఇంటిల్లిపాదీ కలిసి చేద్దాం. వారానికో పూట పచ్చడి మెతుకులు, మజ్జిగ. ఆ పూట గిన్నెలు తోమేది అయ్యగారు, బట్టలు మడతపెట్టేది అబ్బాయి. ఆబిడ్స్‌లో పనుంటే ఆటో మానేసి నడక.

మరి ఇల్లాలికో? అందరికంటే ముందు వేడివేడిగా తినడం! అత్తగారేమనుకుంటారో, చుట్టాలేమంటారో అన్న ఇబ్బందిని ఓర్చుకోవడం. నన్నడిగితే, మనలో చాలామందికి ఏకాదశి ఉపవాసం కంటే అదే కఠిన వ్రతం.