నియ్యత్ ఎవరు చూడాలి?

1924లో లాహోర్‌లో 'రంగీలా రసూల్' అనే చిన్న ఉర్దూ పుస్తకం అచ్చయింది. ప్రవక్తను కించపరిచే రాత. రాసినవాడు పేరు పెట్టుకోలేదు, కేసు ప్రచురణకర్త రాజ్‌పాల్ మీద పడింది. కింది కోర్టు శిక్ష వేసింది. 1927లో హైకోర్టు న్యాయమూర్తి దలీప్ సింగ్ మాత్రం రాత నీచమైనదేనని, అయినా అప్పటి చట్టంలో దాన్ని శిక్షించే సెక్షన్ లేదని వదిలేశారు. ముస్లింలు భగ్గుమన్నారు. ఆ ఏడాదే శిక్షాస్మృతిలోకి మతాన్ని అవమానిస్తే శిక్షించే 295-ఎ సెక్షన్ వచ్చి చేరింది. రెండేళ్లకు రాజ్‌పాల్‌ను ఇల్ముద్దీన్ అనే యువకుడు దుకాణంలోనే పొడిచి చంపాడు. అప్పీలులో జిన్నా వాదించినా అతనికి ఉరి తప్పలేదు.

కోపాలు అంతగా రగులుతున్న రోజుల్లో పుట్టినా, ఆ సెక్షన్‌ను జాగ్రత్తగానే రాశారు. ఎవరి మనసో నొచ్చుకుంటే నేరం కాదు. కావాలని, దురుద్దేశంతో చేసినట్టు తేలాలి. ఉర్దూలో దాన్నే బద్‌నీయతీ అంటారు. "వాని నియ్యత్ మంచిగ లేదు" అని తెలంగాణలో అనేదీ ఆ నియ్యత్ గురించే. 1957లో రాంజీలాల్ మోదీ కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను నిలబెట్టింది కూడా ఆ షరతును చూసే. తెలియక చేసిన అవమానం, అజాగ్రత్తగా చేసిన అవమానం దీని కిందికి రావని తేల్చింది.

పాకిస్థాన్‌కూ 295-ఎ వారసత్వంగా వచ్చింది. సైనిక పాలకుడు జియా ఏలుబడిలో 1986లో దానికి 295-సి తోడైంది. ప్రవక్త పేరుకు మచ్చ తెస్తే మరణశిక్ష. సూటిగా అన్నా, చాటుగా అన్నా ఒకటే. ఆ సెక్షన్ వాక్యంలో ఎంత వెతికినా ఉద్దేశం అన్న ఊసు లేదు. పంజాబ్ పల్లెలో ఫల్సా పండ్లు కోస్తున్న ఆసియా బీబీ అనే క్రైస్తవ కూలీకి, తోటి ఆడవాళ్లకు 2009లో మంచినీళ్ల దగ్గర మాటామాటా పెరిగింది. ప్రవక్తను నిందించిందన్న ఆరోపణ మీద మరుసటి ఏడాది ఆమెకు మరణశిక్ష పడింది. ఆమె పక్షాన మాట్లాడిన గవర్నర్ సల్మాన్ తాసీర్‌ను సొంత అంగరక్షకుడే కాల్చేశాడు. సాక్ష్యాలు పొసగడం లేదని సుప్రీంకోర్టు 2018లో ఆమెను విడుదల చేసేసరికి తొమ్మిదేళ్లకు పైగా జైల్లోనే గడిచిపోయాయి.

మన చట్టంలో ఆ షరతు ఉంది కదా అని గుండెల మీద చెయ్యేసుకుని పడుకోలేం. 2013లో ఒక వ్యాపార పత్రిక ముఖచిత్రం మీద ధోనీని విష్ణుమూర్తిలా చూపించారు. చేతుల్లో శంఖచక్రాలకు బదులు ప్రకటనల సరుకులు, అందులో ఒక బూటు. చూడ్డానికి చవకబారుగానే ఉంది. అనంతపురం కోర్టులో ఫిర్యాదు పడింది, వారెంటు దాకా వెళ్లింది. దురుద్దేశం కనబడడం లేదని సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది 2017లో. ధోనీకి ఢిల్లీ దాకా వెళ్లే స్తోమత ఉంది. వాట్సాప్‌లో ఏదో పంపి ఇరుక్కున్న కుర్రాడికి ఆ స్తోమత ఎక్కడిది?

2024 జులై నుంచి 295-ఎ భారతీయ న్యాయ సంహితలో 299 అయింది. నంబరు మారినా నడక మారలేదు. కోర్టు కేసును విచారణకు తీసుకోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఎఫ్ఐఆర్‌కు, అరెస్టుకు మాత్రం అక్కర్లేదు. బెయిలు హక్కుగా దొరికే సెక్షనూ కాదు. అంటే నియ్యత్ సంగతి తేల్చేది అందరికంటే చివర, మనిషిని లోపలేసేది అందరికంటే ముందు.

గరిష్ఠ శిక్ష మూడేళ్లే ఉన్న నేరం ఇది. ఈ సెక్షన్ కింద అరెస్టుకు ముందే దురుద్దేశానికి ఆధారం ఏమిటో ఎస్పీ స్థాయి అధికారి కాగితం మీద రాసి సంతకం చేయాలన్న నిబంధనను రెండు తెలుగు ప్రభుత్వాలూ తేవాలి. ఒక సర్క్యులర్‌తో అయ్యే పని.