సూడానులో దోషి యెవరు?

సూడాను దేశమున నెత్తురు ప్రవహించుచున్నదను వార్త కంటబడగానే, మన పట్టణములలోని చదువరులు పెక్కురు "అది మతయుద్ధము, మహమ్మదీయులకును క్రైస్తవులకును నడుమ పుట్టినది, మనమేమి చేయగలము?" అని పత్రికను మడచి ప్రక్కన బెట్టుచున్నారు. ఇది విచారణ లేని తీర్పు. సాక్షుల బిలువకయే ముద్దాయిని నిర్ణయించిన ఈ తీర్పుపై మేము అప్పీలు చేయుచున్నాము.

2023 ఏప్రిల్ 15వ తేదీన ఖార్టూము నగరమున తుపాకులు పేల్చుకొన్నవారెవరు? సేనాపతి బుర్హాను ఒకడు; అర్ధసైనిక దళముల నాయకుడు, హెమెదీ యని వాడుకనందున్న మహమ్మదు హందాను దగలో మరియొకడు. ఇరువురును మహమ్మదీయులే. ఇరువురును చేతులు కలిపియే 2021 అక్టోబరులో పౌరప్రభుత్వమును గూలద్రోసిరి. దోచిన సొత్తు పంచుకొనుటలో పుట్టిన తగవునకు మతమని పేరు పెట్టుట ఎవరికి గౌరవము? దార్ఫూరు చూడుడు. 2003లో అచ్చట గ్రామములు గాల్చినవారును, కాలిన గుడిసెలలో మాడినవారును ఒకే దిక్కునకు దిరిగి నమాజు చేయువారే. 2025 సెప్టెంబరులో, ముట్టడిలో నున్న ఎల్‌ఫాషరు నగరమున, మసీదులో ప్రార్థనకు జేరినవారిపై మనిషిలేని విమానము బాంబు వేయగా డెబ్బదిమందికి మించి చచ్చిరి. ఇదియా మతయుద్ధము!

"దక్షిణాదివారి మాటయో?" అందురు. ఉత్తరదక్షిణముల నడుమ గోడ గట్టినది దైవము కాదు, ఆంగ్లేయప్రభుత్వము. 1922 నాటి నిషిద్ధ మండలముల శాసనముతో ఉత్తరమువారిని దక్షిణమున అడుగిడనీయక, అచ్చటి విద్యను మిషనరీల కప్పగించి, తుదకు 1947లో ఇరుప్రాంతములును ఒకే దేశమని తేల్చిరి. పిదప ఆంగ్లేయులు విడిచిన సుమారు 800 ఉద్యోగములలో దక్షిణాదివారికి దక్కినవి పదియైనను గావు. 1955 ఆగస్టులో తోరీతున సైనికులు తిరుగబడిరన్న ఆశ్చర్యమేమి? 2011 జూలై 9న దక్షిణ సూడాను వేరుపడెను. మతభేదమే కారణమైనచో నాటితో శాంతి కుదురవలసినది. 2013 డిసెంబరు నాటికే కీరు, మచారు అను ఇరువురు క్రైస్తవ నాయకులు అధికారమునకై ఒకరి జనుల నొకరు చంపించుకొనుచుండిరి.

అట్లని మతనామమును తాకట్టు బెట్టినవారిని మేము విడిచిపెట్టుట లేదు. నుమైరీ 1969లో వామపక్షపు సాయమున గద్దె నెక్కెను. 1971లో ఆ వామపక్షనాయకులనే ఉరిదీసెను. 1972లో దక్షిణాదితో సంధి చేసికొనెను. 1983లో ఆ సంధిని తానే చింపి, సెప్టెంబరులో షరియతు శాసనముల ప్రకటించెను. భక్తి ఒక్కరాత్రిలో పుట్టినదని నమ్మువారు నమ్మవచ్చును. ఖజానా వట్టిపోయిన పాలకునకు దైవముకంటె చవుకయైన జామీనుదారు దొరకడని మా యూహ.

ఆ శాసనముల నెదిరించిన మహమూదు మహమ్మదు తాహా క్రైస్తవుడు కాడు, నాస్తికుడును కాడు. జీవితమెల్ల ఖురానును మననము జేసిన ఇంజనీరు. డెబ్బది దాటిన ఆ వృద్ధుడు 1984 డిసెంబరులో, ఈ శాసనములు ఇస్లామును వికృతము జేయుచున్నవనియు, దక్షిణమున రక్తపాతము మాన్పుడనియు ఒక కరపత్రము వెలువరించెను. అదియే నేరము! న్యాయస్థానమునకు స్వాతంత్ర్యము లేదని చెప్పి, ఆయన దాని యెదుట వాదింప నిరాకరించెను. క్రింది కోర్టు రాజ్యద్రోహమనగా, పై కోర్టు మతభ్రష్టతను దానికి జేర్చెను. అట్టి నేరము నాటి శిక్షాస్మృతిలో లేదు, అభియోగమునందును లేదు. అప్పీలులో క్రొత్తనేరమును గనిపెట్టు విద్య, పెక్కేండ్లుగా కోర్టు మెట్లెక్కుచున్న మాకును క్రొత్తయే. 1985 జనవరి 18, శుక్రవారమున ఆయన నురిదీసిరి. మూడు మాసములు నిండకమునుపే నుమైరీ పదవి యూడెను. 1986లో సుప్రీముకోర్టు ఆ తీర్పు చెల్లదనెను. ఉరిత్రాటికి పునర్విమర్శ యుండదు గదా!

మనకును ఆ దేశమునకును సంబంధమేమి యనువారు వినుడు. అచ్చటి విద్యావంతులు 1938లో స్థాపించిన సంఘమునకు కాంగ్రెసనియే పేరు. 1953లో వారి మొదటి ఎన్నికలను నడపినవాడు మన సుకుమార సేను.

"మనమేమి చేయగలము" అను ప్రశ్నకు బదులును గలదు. సంహారకులకు ఆయుధములు పంపుచున్నదని అరబ్బు ఎమిరేట్లపై సూడాను ప్రభుత్వము 2025 మార్చిలో హేగు న్యాయస్థానమున వ్యాజ్యము వేసెను. ఎమిరేట్లు ఆరోపణను నిరాకరించెను. మే నెలలో వ్యాజ్యము కొట్టివేయబడినది. ఆరోపణ అసత్యమని తేలి కాదు! 1948 నాటి జాతిసంహార నిరోధక ఒడంబడికయందలి తొమ్మిదవ అధికరణమునకు ఎమిరేట్లు మినహాయింపు వ్రాసికొన్నందున, విచారించు అధికారమే లేకపోయినది. 1959లో ఆ ఒడంబడికను ధ్రువపరచునపుడు మన దేశమును ఆ యధికరణమునకే మినహాయింపు వ్రాసికొన్నది. దానిని ఉపసంహరింపుమని తమ పార్లమెంటు సభ్యునకు జాబు వ్రాయుటకు ఏ పఠనమందిరమునకైనను ఒక కాగితము, ఒక తపాలబిళ్ల చాలును.