‘చూడు’ అంటే చూడమని కాదు

క్లాసులయ్యాక వ్యాసర్పాడి జీవా స్టేషన్‌లో రైలెక్కి అంబత్తూరులో దిగుతాను. అక్కడ ఒక ఆఫీసులో రాత్రి ఎనిమిది దాకా ఫోన్లో పశువుల దాణా అమ్ముతాను. చిత్తూరు, పలమనేరు, మదనపల్లె వైపు రైతులకు ఫోన్ చేయాలి. ‘ఇదీ ఒక ఉద్యోగమేనా?’ అని మన క్లాసులోనే ఇద్దరు ముగ్గురు అడిగారు. ఉద్యోగమే. నా ఫీజు దాంట్లోంచే కడుతున్నా. నాకు సిగ్గేసింది వేరే సంగతికి.

ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మనలాంటి వాళ్లే ఆ ఆఫీసుకు కావాలి. వాళ్లిచ్చే కాగితంలో ‘మీ పశువు యొక్క పాల దిగుబడిని అధికం చేసుకొనుడి’ అని ఉంటుంది. అలా చదివితే రైతు ఫోన్ పెట్టేస్తాడు. అందుకే సూపర్‌వైజర్, ‘అన్నా, అవ్వా అని పిలవండి, నమ్ముతారు’ అంటాడు. నిజమే, నమ్ముతారు. చిక్కంతా అక్కడే.

పలమనేరు దగ్గర ఒక అవ్వ. ఒక్కటే ఆవు. ‘మా ఆవు చూడు కట్టుండాది పాపా’ అంది. ఆవు కట్టేసి ఉంది, చూడు అంటోందనుకున్నాను! ‘సరే అవ్వా, ఈ దాణా పెట్టు, పాలు పెరుగుతాయి’ అని రెండు బస్తాలు రాసుకున్నాను. నెల తర్వాత మళ్లీ చేస్తే, ‘చూడిదానికి పాలెక్కడివి పాపా? ఒట్టిపోయుండాది. నువ్వు చెప్తివని అప్పు చేసి తీసుకుంటినే’ అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఇంటికెళ్లి అమ్మమ్మను అడిగితే నవ్వింది. చూడు కట్టడమంటే కడుపుతో ఉండడమట. ఈనడానికి దాదాపు రెండు నెలల ముందే పాలు పిండడం ఆపేస్తారు. అప్పుడు తినే దాణా కడుపులో దూడకి, తల్లి ఒంటికి. మంచిదే, కానీ చెంబులోకి పాలు రావు. బి.ఏ. తెలుగు చదువుతున్న నాకు ఈ మాట తెలియదు. ప్రబంధాల్లో పద్యానికి అర్థం చెప్పగలను, పశువుల కొట్టంలో మాటకు చెప్పలేను.

దాణా చెడ్డదని నేననను. తవుడు, కుడితితోనే నెట్టుకొచ్చే పాడి ఆవుకి అది పనికొస్తుంది. కానీ లెక్కుంది. ఆవు ఇచ్చే ప్రతి రెండున్నర లీటర్ల పాలకు సుమారు ఒక కిలో, ఒంటి పోషణకు ఇంకో కిలో పైన. కొత్త దాణా ఒక్కసారిగా మార్చకూడదు, వారం పది రోజులు పాతదాంట్లో కలుపుతూ పోవాలి. ఇవేవీ మా కాగితంలో లేవు. ధర ఉంది, ఆఫర్ ఉంది. అవ్వా అని పిలిచి నమ్మించినప్పుడు, ‘ఇప్పుడు నీకు వద్దవ్వా’ అని చెప్పే బాధ్యత కూడా మనదే అంటాను. కమిషన్ పోతే పోనీ.

ఇప్పుడు ధర చెప్పకముందే నాలుగు అడుగుతున్నా: ఎన్ని ఆవులు, ఎప్పుడు ఈనింది, పూటకు ఎన్ని లీటర్లు, చూడుతో ఉందా? ‘టైమ్ వేస్ట్’ అని సూపర్‌వైజర్ అరిచాడు. పోయిన వారం నా అమ్మకాలు తగ్గాయి కూడా. సెలవుల్లో ఈ పనికి రావాలనుకునేవాళ్లు ఆ ప్రశ్నల కాగితం నా దగ్గర రాసుకోండి. మూడో సంవత్సరం, కిటికీ పక్క బెంచీ.