తాళముతో కూడిక

వరంగల్లు బాటపై ఘట్‌కేసరు చేరువనున్న అన్నోజిగూడకు ప్రక్కనే, పోచారమున, ఇన్ఫోసిస్ వారి విశాల ప్రాంగణము కలదు. ఆ గణనయంత్రముల నీడలో పెరుగు బాలుడైనను, ఇరువదియెనిమిదికి పదునేడు కలుపుమన్నచో ఒకచోట నిలిచిపోవును. "అయిదు వేసి ఒకటి చేతనుంచుకొనుము" అని ఉపాధ్యాయుడు చెప్పును. ఆ ఒకటి ఎచ్చటనుండి వచ్చినది? చేతిలో ఏమియు లేదే! ఈ సందేహము తీరక గణితమన్న బెదరువారు పలువురు.

వీథిబడులలో ఎక్కములను రాగయుక్తముగా వల్లించుట మన పెద్దలెరిగినదే. దానిని మేము నిరసింపము. కాని వరుస తప్పించి అడిగిన తడబడు చదువది. పాట జ్ఞాపకముంచునుగాని పదులు కట్టుట నేర్పదు. ఆ పనికి తగినది తాళము.

కర్ణాటక సంగీతమున మిశ్రజాతి ఝంపతాళమున్నది. ఏడక్షరముల లఘువు, ఒక్క అక్షరపు అనుద్రుతము, రెండక్షరముల ద్రుతము కలసి ఆవర్తనమునకు సరిగా పది. 28 అనగా రెండావర్తనములు నిండి, మూడవదానిలో లఘువును అనుద్రుతమును ముగిసి, ద్రుతము మాత్రము మిగిలియున్నదన్నమాట. 17లోని పదిని ఒక ఆవర్తనముగా ప్రక్కనుంచి, ఏడింటిని చేతితో వేయుడు. రెండు ద్రుతములో పడగానే ఆవర్తనము నిండును. తక్కిన అయిదును క్రొత్త లఘువులో పడును. నాలుగావర్తనములు, అయిదక్షరములు: 45. చేతనుంచుకొన్న ఆ ఒకటి, నిండిన ఆవర్తనమే!

ఆరేండ్లవారికి ఝంప బరువని కొందరనవచ్చును, నిజమే. "తక తకిట" యని అయిదేసి దెబ్బలు రెండుమారులు వేయించిన చాలును. అయితే నిండిన ప్రతి పదికిని ఒక చింతగింజ ప్రక్కన పెట్టింపవలెను. లేనిచో ఇదియు వట్టి పాటయే యగును.

చదువుటయు లెక్కించుటయు పసితనముననే స్థిరపడవలెనని కేంద్రప్రభుత్వము 2021లో నిపుణ్ భారత్‌ను, తెలంగాణ ప్రభుత్వము 2022లో తొలిమెట్టును ఆరంభించినవి. ఉద్దేశము మంచిది. ఉపాధ్యాయుల శిక్షణలో ఒక్క పూట తాళమునకు కేటాయింపుడని విద్యాశాఖవారిని కోరుచున్నాము. దీనికి యంత్రములక్కరలేదు, గాయకులును అక్కరలేదు. మా మాటను నమ్మనివారు అన్నోజిగూడవంటి యూరి బడిలోనే ఒక తరగతికి ఇట్లును, వేరొకదానికి పూర్వరీతిని నేర్పించి, సంవత్సరాంతమున ఇరువురి పలకలను ప్రక్కప్రక్కన పెట్టి చూతురుగాక.