మీ ముత్తవ్వ పుట్టిల్లు ఏ ఊరు?



మచ్చ బొల్లారంలో, అల్వాల్‌లో, మేడ్చల్ దాకా కిరాయి రూముల్లో ఉంటున్న మనోళ్లకే ముఖ్యంగా ఈ మాట. ఉట్నూరు నుంచో, ఏటూరునాగారం నుంచో, భద్రాచలం నుంచో వచ్చారు. కోచింగ్‌కో, కంపెనీ డ్యూటీకో పోతున్నారు. బస్టాపులో మనోడు కనబడితే ఏమడుగుతున్నాం? ఏ కంపెనీ, జీతమెంత, కిరాయెంత. మన తాతలైతే ముందు ఇంటిపేరు అడిగేవాళ్లు. గోండులైతే ఎన్ని దేవుళ్లవాళ్లని, కోయలైతే ఏ గట్టు అని అడిగేవాళ్లు. అంతే, ఎదుటోడు అన్నదమ్ముడో మేనబావో తేలిపోయేది.

ఆ రెండు ప్రశ్నల వెనక పెద్ద లెక్కే ఉంది. గోండుల్లో నాలుగు, ఐదు, ఆరు, ఏడు సగలు. ఒకే సగవాళ్లు ఎంత దూరాన ఉన్నా అన్నదమ్ములే, వాళ్ల మధ్య పెళ్లి కుదరదు. కెస్లాపూర్ నాగోబా జాతర చూసే ఉంటారు. పుష్యమాస అమావాస్య నాటికి మెస్రం వంశమంతా అక్కడికి చేరుతుంది. 22 పొయ్యిల మీద వంట. కొత్త కోడళ్లకు భేటింగ్. వంశం పెద్దలకు, దేవుడికి పరిచయమయ్యాకే కోడలు ఆ వంశం మనిషి. ఏటేటా వంశవృక్షానికి కొత్త కొమ్మ కలిపే రోజు అది.

కానీ ఈ లెక్కలో చాలావరకు కాగితం మీద లేదు, గొంతులో ఉంది. గోండుల వంశకథలను ప్రధాన్‌లు కింగ్రి మీద పాడారు. కోయల ఇలవేల్పుల కథలను డోలీలు పడిగెలు పట్టుకుని పాడారు. మణుగూరు దగ్గరి సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన కన్నుమూశారు. అలాంటి ఒక్కో గొంతు ఆగినప్పుడల్లా కొన్ని ఇళ్ల చుట్టరికాలు మట్టిలో కలిసిపోతున్నాయి. ఇంకోపక్క మనుషులే చెదిరిపోతున్నారు. పోలవరం పేరుతో 2014లో ఏడు మండలాలు ఆంధ్రలో కలిశాయి. అన్న ఒక రాష్ట్రం, చెల్లె ఒక రాష్ట్రం. ముంపు ఊళ్ల జనం కాలనీల పాలు.

చెదిరిన చుట్టాలను వెతుక్కున్నవాళ్లు ప్రపంచంలో ఉన్నారు. యూదులను చూడండి. హిట్లర్ కాలంలో 60 లక్షల మందిని చంపేశారు. ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. వాళ్ల మీద జరిగింది వేరు, మన మీద జరుగుతున్నది వేరు, రెండూ ఒకటేనని నేను అనను. కానీ మిగిలినవాళ్లు చేసిన పని మనం నేర్చుకోవాలి. ఒక్కో ఊరివాళ్లు కలిసి తమ ఊరి జ్ఞాపకాల పుస్తకం రాసుకున్నారు. జెరూసలెంలోని యాద్ వషేమ్ సంస్థ 1950ల నుంచి చనిపోయిన ఒక్కో మనిషికి ఒక్కో పత్రం చొప్పున సేకరిస్తోంది. పేరు, అమ్మానాన్నల పేర్లు, ఊరు, ఆడమనిషైతే పెళ్లికి ముందటి ఇంటిపేరు, ఈ వివరం చెప్పిందెవరు, అన్నీ అందులో ఉంటాయి. ఊరి పేరు, తల్లి పుట్టింటి పేరు పట్టుకునే దేశాలు దాటిన చుట్టాలు మళ్లీ కలిశారు.

"ఈ వంశాల గోల మనకెందుకన్నా, అది పెద్దకులాలోళ్ల పని" అంటారేమో. ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ అని తేల్చే లెక్క మనకొద్దు. ఎవరు మనకేమైతరో చెప్పే లెక్క కావాలి. ఇది భూమికి కూడా పనికొస్తుంది. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి సాగులో ఉన్నామని చూపాలి. ఆధారం లేదంటూ ఎన్ని దరఖాస్తులు పక్కన పడేశారో మీకు తెలుసు. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, తిరస్కరించిన దరఖాస్తుదారులను ఖాళీ చేయించమంది. దేశమంతా గొడవయ్యాక అదే నెల 28న ఆ ఆదేశాన్ని ఆపింది. ఆ కత్తి ఇంకా నెత్తిమీదే ఉంది.

అదే చట్టం నియమాల్లో 13వది చదవండి. ఏవేవి ఆధారాలో అక్కడ రాసి ఉంది. పాత రికార్డుల్లో ఉన్న మనిషి దాకా చూపే వంశవృక్షం ఒక ఆధారం. దరఖాస్తుదారు కాని ఊరి పెద్దలు చెప్పింది రాసిపెడితే అదీ ఆధారమే. పాత బావి, బొందలగడ్డ, దేవుడి గుడి కూడా ఆధారాలే. అంటే అవ్వ చెప్పే ముచ్చటకు చట్టంలో చోటుంది. రాసిపెట్టని మనదే తప్పు.

అందుకే ఈసారి పండక్కి ఊరికి పోతే ఒక నోటుబుక్కు పట్టుకుపోండి. ఇంటిపేరు, సగ లేదా గట్టు, తాత ఏ ఊరి నుంచి వచ్చాడు, ఎందుకు వచ్చాడు, ఎవరిని ఎక్కడ పూడ్చారు, అన్నీ అడగండి. సంవత్సరం గుర్తులేకపోతే "భీం చనిపోయినప్పటికి నువ్వు పుట్టినవా?" అని అడగండి, 1940 దొరుకుతుంది. చెప్పినవాళ్ల పేరు, తేదీ రాయండి. ఇద్దరు రెండు రకాలుగా చెప్తే రెండూ రాయండి, ఒకటి కొట్టేయొద్దు. బడిలో సారు మార్చి రాసిన ఇంటిపేరు, ఇంట్లో పలికే ఇంటిపేరు రెండూ రాయండి.

ముఖ్యంగా ఆడవాళ్లను వదలొద్దు. మన వంశాల చిట్టాల్లో మగవాళ్ల పేర్లే వరుసగా ఉంటాయి. ముత్తవ్వ పుట్టిల్లు తెలిస్తే సగం చుట్టరికం అక్కడే దొరుకుతుంది.

ఒక జాగ్రత్త. రాసిందంతా ఫేస్‌బుక్‌లో పెట్టకండి. ఒక ప్రతి ఇంట్లో, ఒక ప్రతి గ్రామసభ దగ్గర ఉంటే చాలు. దేవుడి ముచ్చట్లలో బయటికి చెప్పకూడనివి ఉంటే పెద్దల మాట వినండి.

ఇప్పుడే ఇంటికి ఫోన్ చెయ్యి తమ్ముడూ. "అవ్వా, మీ అమ్మ పుట్టిల్లు ఏ ఊరు?" అని అడుగు. అవ్వ ఉన్నప్పుడే అడుగు.

మావ నాటే మావ రాజ్! జై ఆదివాసీ!